గోధుమ గడ్డి గ్లాసులో సరే... కంచంలో ఏముంది?

శ్రావణం వచ్చిందంటే తెలంగాణ తండాల్లో తీజ్ సందడి మొదలవుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో మట్టీ ఎరువూ నింపి, నానిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలక ఎంత ఏపుగా లేస్తే అంత మేలు జరుగుతుందని నమ్మకం. తొమ్మిదో రోజుకి జానెడు ఎత్తున పచ్చగా పెరిగిన ఆ బుట్టల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగి, చెరువులో నిమజ్జనం చేస్తారు.

అదే గోధుమ మొలక, ఇంచుమించు అదే వయసులో, హైదరాబాద్ కేబీఆర్ పార్కు బయట తెల్లవారేసరికి గ్లాసుల్లోకి వచ్చేస్తోంది. ఇందిరా పార్కు దగ్గరా అంతే, విశాఖ బీచ్ రోడ్డులోనూ అంతే. నడకకి జనం వచ్చే ప్రతిచోటా ఒక బల్ల, దానిమీద వరసగా స్టీలు క్యాన్లు, ఒక్కోదానికి అంటించిన కాగితం ముక్క: కాకర, బూడిద గుమ్మడి, ఉసిరి, సొరకాయ, క్యారెట్-బీట్‌రూట్. వాటి మధ్య ముదురాకుపచ్చగా, పైన నురగ కట్టి ఉండేది గోధుమ గడ్డి రసం. షుగర్ ఉన్న పెద్దాయన తాగుతాడు. రక్తం తక్కువుందని డాక్టరు చెప్పిన ఇల్లాలు తాగుతుంది. బరువు తగ్గాలనుకునే కుర్రాడూ తాగుతాడు. ముగ్గురివీ మూడు అవసరాలు, ముగ్గురూ నమ్ముకున్నది మాత్రం ఒకే గ్లాసు.

ఆ గ్లాసుని తప్పుపట్టడం ఈ కథనం ఉద్దేశం కాదు. పొద్దున్నే లేచి నడిచి, టీకి బదులు ఆకు పసరు తాగుదామనుకున్న మనిషి తన ఒంటి గురించి ఆలోచించడం మొదలుపెట్టాడన్నమాట. ఆ శ్రద్ధ చాలా విలువైనది. విలువైనది కాబట్టే అది 30 మిల్లీలీటర్ల రసం దగ్గర ఆగిపోకూడదు. ఇంటికెళ్లాక మధ్యాహ్నం ఆ మనిషి కంచంలోకి వచ్చేది పాలిష్ పట్టిన తెల్లన్నం, దాని పక్కన రెండు చెంచాల కూర, కాస్త పచ్చడి అయితే, పొద్దుటి గ్లాసు ఒక్కటే ఎంత భారం మొయ్యగలదు?

కోళ్ల దాణాలోంచి మొదలు

గోధుమ గడ్డిని మనుషుల ఆహారంగా ప్రచారంలోకి తెచ్చింది అమెరికా. 1930 ప్రాంతంలో కాన్సాస్‌లో చార్లెస్ ష్నాబెల్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త నీరసించిన కోళ్లకి దాణాలో ఎండబెట్టిన లేత గడ్డి పొడి కలిపి పెట్టాడు. కోళ్లు తేరుకున్నాయి, గుడ్లు ఎక్కువ పెట్టాయి. ఆ పొడినే ఇంట్లోవాళ్లకీ పెట్టాడు. కొన్నేళ్లలోనే అమెరికా, కెనడా దుకాణాల్లో గడ్డి పొడి డబ్బాలు అమ్మకానికొచ్చాయి. విటమిన్ మాత్రలు ఇంకా అందరికీ అందని కాలం అది. పైగా చలికాలమంతా మంచు కప్పి, పచ్చటి ఆకు కంటికి కనపడని నేల. లేత పైరు కోసి, ఆరబెట్టి, డబ్బాలో దాచుకోవడం వాళ్లకి నిజంగా అక్కరకొచ్చిన ఆలోచన. పన్నెండు నెలలూ ఏదో ఒక ఆకుకూర బజారుకొచ్చే మన ఊళ్లకి ఆ ఇబ్బంది లేదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

గడ్డి పొడి పచ్చి రసంగా మారి ప్రపంచమంతా పాకడానికి కారకురాలు ఆన్ విగ్‌మోర్. 1909లో లిథువేనియాలో పుట్టి అమెరికాకి వలసవెళ్లిన ఈమె, బోస్టన్‌లో ప్రకృతి జీవన కేంద్రం పెట్టి, పచ్చి ఆహారం, మొలకలు, గోధుమ గడ్డి రసాన్ని బోధించింది. గోధుమ గడ్డి మీద 1985లో ఆమె రాసిన పుస్తకం ఈ రంగంలో అందరికీ పాఠ్యపుస్తకమైంది. మొలకలు తినమని, వండి చంపని ఆహారం కొంతైనా తీసుకోమని ఆమె చెప్పినదాంట్లో మంచి చాలా ఉంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తన పద్ధతి పాటిస్తే మధుమేహ రోగులకి ఇన్సులిన్ అవసరం తగ్గుతుందని, అసలు లేకుండా పోవచ్చని కూడా చెప్పింది. 1982లో మసాచుసెట్స్ రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకి లాగాక ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 1988లో ఎయిడ్స్ నయమవుతుందన్న ప్రచారం మీద మళ్లీ కేసు. తనని తాను వైద్యురాలిగా చెప్పుకోవద్దని న్యాయమూర్తి ఆదేశించాడు. ఈ కథ చెప్పుకోవడం ఎందుకంటే, ఆమె వెనక్కి తీసుకున్న మాటలే ఇప్పుడు మన ఫోన్లలో తెలుగులో వీడియోలై తిరుగుతున్నాయి.

ఆకుపచ్చ రక్తం నిజమేనా?

గోధుమ గడ్డికి ‘ఆకుపచ్చ రక్తం’ అనే పేరు తగిలించి అమ్ముతున్నారు. దీని వెనక కాస్త నిజముంది. ఆకులోని పత్రహరితానికీ, మన రక్తంలోని హీమ్‌కీ నిర్మాణంలో పోలిక ఉంది. రెండింటిలోనూ ఒకేలాంటి వలయం. దాని నడిమధ్యలో ఆకుకైతే మెగ్నీషియం, రక్తానికైతే ఇనుము. అంతమాత్రాన తాగిన పత్రహరితం రక్తమైపోదు. కడుపులోని ఆమ్లం తగలగానే ఆ మెగ్నీషియం ఊడిపోతుంది, వలయంలో చాలా భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. హీమ్‌ని శరీరం తనంతట తానే తయారుచేసుకుంటుంది. దానికి కావాల్సిన ముడిసరుకు ఇనుము, మాంసకృత్తులు. ఎర్రకణాలు సరిగ్గా ఎదగాలంటే ఫోలేట్, బి12 కూడా ఉండాలి.

పరిశోధనలు అసలు లేవా అంటే, ఉన్నాయి. చండీగఢ్ వైద్యులు థలసీమియా పిల్లలకి గోధుమ గడ్డి రసం ఇచ్చి చూసి, 2004లో ఫలితాలు వెల్లడించారు. వివరాలు పూర్తిగా దొరికిన 16 మందిలో సగం మందికి రక్తం ఎక్కించాల్సిన అవసరం పావు వంతుకి పైగా తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే ఇది. కానీ అది చిన్న ప్రయోగం. తర్వాత 2009లో అచ్చయిన మరో అధ్యయనంలో ఇంకా ఎక్కువమందికి గోధుమ గడ్డి మాత్రలు ఏడాదిపాటు ఇచ్చి చూస్తే అలాంటి మేలు కనిపించలేదు. పెద్దపేగు పూతతో బాధపడేవాళ్ల మీద ఇజ్రాయెల్‌లో జరిగి 2002లో అచ్చయిన ప్రయోగంలో, రోజుకి 100 మిల్లీలీటర్ల రసం నెల రోజులు తాగినవాళ్లకి రక్తం పడటం తగ్గింది. అదీ ఇరవై పైచిలుకు మంది మీద జరిగినదే. ఇవన్నీ కలిపి చూస్తే తేలేది ఒకటే: గోధుమ గడ్డి మంచి ఆకు. మందు అనడానికి ఇప్పటికి ఆధారం చాలదు.

ఆకుగా దాని విలువెంత? 30 మిల్లీలీటర్ల రసంలో మాంసకృత్తులు ఒక గ్రాముకి లోపే. విటమిన్ సి ఒక్క మిల్లీగ్రాము అటూ ఇటూ. వంద గ్రాముల జామకాయలో ఆ విటమినే 200 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. తూకానికి తూకం వేస్తే గోధుమ గడ్డి రసం పాలకూరకి దగ్గర దగ్గరగా వస్తుంది. విటమిన్ ఇ లాంటివాటిలో కాస్త పైచెయ్యి, కాల్షియం, కెరోటిన్‌లలో బాగా వెనకబాటు. తేడా ఎక్కడంటే, రసం తాగేది రెండు మూడు చెంచాలు, కూర తినేది కప్పు నిండా. పైగా వడగట్టిన రసంలో పీచు మిగలదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనకో సామెత ఉంది. తోటకూర కట్ట పది రూపాయలకి దొరుకుతుంది కాబట్టి దానిమీద గౌరవం లేదు. అదే లేత ఆకు పొడిగా మారి, డబ్బాలోకెక్కి, వంద గ్రాములు వందల రూపాయలయ్యేసరికి నమ్మకం కుదురుతోంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల్లో చూడండి. వంద గ్రాముల పచ్చి తోటకూరలో కాల్షియం 330 మిల్లీగ్రాములు, ఇనుము నాలుగున్నర పైన. మునగాకులోనూ దాదాపు అంతే. గోదావరి జిల్లాల్లో ఆషాఢం వస్తే మునగాకు వండుకుని తీరాలంటారు. ఆ ఆనవాయితీని ఒక్క నెలకి పరిమితం చేసుకోవాల్సిన పని లేదు.

ఇంత ఆకు పండే నేల మీదే రక్తహీనత ఎంతుందో తెలిస్తే గుండె చివుక్కుమంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత ఉంది. అంటే సగం మందికి పైగా ఆడవాళ్లకి రక్తం తక్కువన్నమాట. అందరికీ వడ్డించి, చివర్న గిన్నె అడుగున మిగిలిన కూరతో సరిపెట్టుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆ ఇల్లాలికి గోధుమ గడ్డి గ్లాసు కన్నా ముందు కావాల్సింది నిండు కప్పు ఆకుకూర పప్పు, దానిమీద పిండిన నిమ్మచెక్క. ఆకులోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపులోని విటమిన్ సి తోడుండాలి. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుమూ పట్టదు. గంటసేపు ఆగితే చాలు. రక్తం మరీ తక్కువున్నవాళ్లకి ఆహారం ఒక్కటే చాలదు, డాక్టరిచ్చిన ఇనుము మాత్రలు వేసుకోవాల్సిందే.

తవుడుతో పోయిన ప్రాణాలు

ఆర్గానిక్, సంపూర్ణ ఆహారం అనే మాటలు ఇప్పుడు కొత్తగా వినపడుతున్నాయి గానీ, గింజ పైపొర తీసేస్తే ఏమవుతుందో తెలుగు నేల నూరేళ్ల కిందటే ప్రాణాలిచ్చి తెలుసుకుంది. ఆనాడు ఉత్తర సర్కారులుగా పిలిచిన కోస్తా జిల్లాల్లో బెరిబెరి జబ్బు ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి చచ్చుబడేవి. ఒళ్లు నీరుపట్టేది. చివరికి గుండె లొంగిపోయేది. పాలు తాగుతున్న పసిబిడ్డలు ఉన్నట్టుండి కన్నుమూసేవారు. జబ్బుకి మూలం విటమిన్ బి1 లోపం. తల్లి ఒంట్లో లేని విటమిన్ ఆమె పాలల్లోకి మాత్రం ఎలా వస్తుంది? అదే మద్రాసు రాష్ట్రంలో ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ జబ్బు అంతగా లేదు. వడ్లని నానబెట్టి ఉడికించి ఆరబెట్టినప్పుడు తవుడులోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మరపట్టినా అది పూర్తిగా పోదు. మన డెల్టాలో తినేది పచ్చి బియ్యం. రోకటి పోటు పోయి మిల్లు వచ్చాక తవుడంతా ఊడ్చుకుపోయింది.

జావాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ ఈ ముడి విప్పడానికి దారి చూపించాడు. అక్కడా కోళ్లే గురువులు. తెల్లబియ్యం పెట్టిన కోళ్లకి కాళ్లు పడిపోయాయి, తవుడు పెడితే లేచి తిరిగాయి. ఆ పనికి 1929లో ఆయనకి నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మన దగ్గర రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చింది. ఇవాళ దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పే జాతీయ పోషకాహార సంస్థ అదే. దాని పుట్టుకలోనే తెల్లన్నం కథ ఉంది.

బెరిబెరి పోయింది. కానీ బియ్యం మునుపటికన్నా తెల్లబడింది. ముత్యాల్లా మెరవకపోతే కొనేవాళ్లు లేరంటాడు మిల్లరు. అన్నం పొడిపొడిగా రాకపోతే ఇంట్లో ఊరుకోరంటుంది గృహిణి. మధుమేహం ఇంటింటి చుట్టమైన కాలంలో ఈ తెలుపు మోజు ఖరీదైనది. పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు రోజుకి 2000 కేలరీలు కావాల్సిన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు చాలన్నాయి, అదీ వండకముందు తూకం. కూరగాయలు మాత్రం 400 గ్రాములుండాలి, అందులో ఆకుకూరలు 100. పండ్లు 100, పప్పులు 85, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27. మన కంచాన్ని దీంతో పోల్చి చూడండి. అన్నం కుప్ప కూర జాగాలోకి వచ్చేసి ఉంటుంది, కూర ఊరగాయ జాగాకి జరిగి ఉంటుంది. మార్పు మొదలవ్వాల్సింది ఇక్కడ.

ఒక్కసారిగా ముడిబియ్యానికి మారితే ఇంట్లో తిరుగుబాటే. ఒంటిపట్టు బియ్యంతో మొదలుపెట్టండి. రెండు గంటలు నానబెట్టి, నీళ్లు కాస్త ఎక్కువ పోసి వండితే నోటికి మెత్తగానే ఉంటుంది. పైపొరలో నూనె ఉంటుంది కాబట్టి దంపుడు బియ్యం ఎక్కువ కాలం నిలవుండదు, ముక్కవాసన వస్తుంది. నెలకి సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి. రాయలసీమ రాగి సంగటి, పాలమూరు జొన్న రొట్టె, ఎండాకాలంలో అంబలి పక్క జిల్లాల వంటలే. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 360 మిల్లీగ్రాములు. అంత కాల్షియం పాలల్లో రావాలంటే దాదాపు ఒకటిన్నర గ్లాసు తాగాలి. సజ్జల్లో ఇనుము ఆరు మిల్లీగ్రాముల పైన ఉంటే, పాలిష్ బియ్యంలో ఒక్కటి కూడా లేదు.

ప్రొద్దుటూరు నుంచి మైసూరు వెళ్లి స్థిరపడి, చిరుధాన్యాలు తినమని ప్రచారం చేసే ఖాదర్‌వలి పుణ్యమా అని కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు మళ్లీ మన నోట మాటయ్యాయి. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందీ ఆ ఏడాదినే. సంతోషమే. అయితే సూపర్ మార్కెట్లలో ప్యాకెట్ల కొర్రలు కొన్ని చూడండి, మెరుస్తూ తెల్లగా ఉంటాయి. బియ్యానికి పట్టించిన పాలిషే వాటికీ పట్టించారు. పైపొర పోయాక కొర్రయినా వరయినా పోయేది పోయినట్టే. కాస్త మసకగా, పొర మిగిలి కనిపించేవే కొనాలి.

మందు కొట్టని చేలో దొరికే కూరలు

ఆర్గానిక్ తిండిలో పోషకాలు ఎక్కువా? శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వందలాది అధ్యయనాలు తిరగేసి, పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడాకి గట్టి ఆధారం లేదన్నారు. పురుగుమందుల అవశేషాలు మాత్రం తక్కువన్నారు. 2014లో మరో బృందం 343 అధ్యయనాలు పరిశీలించి, యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువని, కాడ్మియం తక్కువని తేల్చింది. నా మటుకు నాకు, ఆర్గానిక్ కొనడానికి విటమిన్ల లెక్క అసలు కారణం కాదు. మందు మొదట తగిలేది తినేవాడికి కాదు, వీపున పంపు తగిలించుకుని చేలో నడిచే కూలీకి. తర్వాత నేలకి, నీళ్లకి. మన కంచం దాకా వచ్చేది మిగిలిందే.

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెలు ఈ విషయంలో చాలా చెబుతాయి. అక్కడి దళిత మహిళల సంఘాలతో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నాలుగు దశాబ్దాలుగా పనిచేస్తోంది. పాత విత్తనాలు కాపాడుకుంటూ, ఒకే చేలో ఎన్నో రకాలు కలిపి పండిస్తారు. ఏటా ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరేగిస్తూ పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఆ మహిళలకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. కలుపు తియ్యడానికి వెళ్లిన ఆడవాళ్లు సాయంత్రం కొంగులో కూర కట్టుకుని వస్తారక్కడ. గంగవాయిలి, తుమ్మికూర, జొన్న చెంచలి, దొగ్గలికూర, గునుగు, పొన్నగంటి. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పెట్టరు. వానపడితే గట్టు మీదా సాళ్ల మధ్యా అవే లేస్తాయి. కొనే స్తోమత లేని ఇంటికి పైసా ఖర్చు లేని కూర ఇది. పక్క చేనువాడు కలుపుమందు కొట్టిన రోజున ఈ కూరలన్నీ మాడిపోతాయి. రసాయనాలు వద్దనడానికి నాకు తెలిసి ఇంతకన్నా బలమైన కారణం లేదు.

జనగామ జిల్లా ఏనబావి 2006లో ఊరు ఊరంతా రసాయనాలు మానేశామని ప్రకటించుకుంది. అంతకు ముందే ఖమ్మం ప్రాంతంలోని పునుకుల పురుగుమందుల అప్పుల్లో మునిగి, వేప కషాయాలతో తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం లక్షలాది రైతులకి బీజామృతం, ఘన జీవామృతం, కషాయాల దారి చూపించింది. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతిలో వాటా వచ్చింది. అంటే మంచి సరుకు పండించే రైతు ఎక్కడో లేడు, మన జిల్లాలోనే ఉన్నాడు.

కొనేటప్పుడు కొన్ని చూసుకోవాలి. ప్యాకెట్ సరుకు మీద ప్రభుత్వం గుర్తించిన ఆర్గానిక్ గుర్తు ఉండాలి. తోడుగా ప్రభుత్వ ధ్రువీకరణ పథకాలైన ఎన్‌పీఓపీ, పీజీఎస్‌లలో ఏదో ఒకటి కనిపించాలి. ఏటా పండే పంటలకైతే పొలం రెండేళ్లు మార్పు దశలో ఉన్నాకే ఎన్‌పీఓపీ పూర్తి ధ్రువీకరణ ఇస్తుంది. నేరుగా అమ్ముకునే చిన్న రైతుకి ఏటా 12 లక్షల అమ్మకం వరకు ఈ ధ్రువీకరణ తప్పనిసరి కాదు, కాబట్టి చీటీ లేనంత మాత్రాన అతన్ని అనుమానించక్కర్లేదు. మాట్లాడండి, ఊరి పేరడగండి, వీలైతే ఒకసారి చేనుకి వెళ్లిరండి. ఇక ఆర్గానిక్ బిస్కెట్టు బిస్కెట్టే, ఆర్గానిక్ చక్కెర చక్కెరే. ఆ పేరు చూసి డబ్బు తగలెయ్యొద్దు. అన్నీ ఆర్గానిక్‌లో కొనలేనివాళ్లు ముందు ఆకుకూరలు, పచ్చిమిర్చి, కరివేపాకు, ద్రాక్ష వంటివి చూసుకోవచ్చు, పిచికారీ నేరుగా పడేది వాటి మీదే. అదీ కుదరకపోతే మామూలు ఆకుకూరే తినండి. చింతపండు నీళ్లలోనో, ఉప్పు నీళ్లలోనో కాసేపు ఉంచి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగితే పైపైన ఉన్న మందు కొంత పోతుంది. మందు భయంతో అసలు కూరే మానెయ్యడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

ఇంట్లో గోధుమ గడ్డి

ఇంతా చెప్పి గోధుమ గడ్డి వద్దనడం లేదు. తాగాలనుకుంటే ఇంట్లోనే పెంచుకోండి. కిలో గోధుమలతో చాలా ట్రేలు వస్తాయి, పిల్లలకీ సరదా. కిరాణా కొట్లోని మామూలు గోధుమలు చాలు. విత్తనాల షాపులో మందు పట్టించిన గోధుమలు మాత్రం పొరపాటున కూడా తేవద్దు, అవి విషం.

రాత్రి నానబెట్టిన గోధుమల్ని పొద్దున్నే వార్చి, తడిగుడ్డలో మూటకట్టి ఒక రోజు ఉంచాలి. తెల్లటి ముక్కు పొడుచుకు రాగానే అడుగున చిల్లులున్న ట్రేలో రెండు అంగుళాల మట్టి పరవాలి. కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపితే తేలిగ్గా ఉంటుంది. గింజలు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా ఉండాలి, ఒకదాని మీద ఒకటి పడకూడదు. పైన పల్చగా మట్టి చల్లి, తడి పేపరు కప్పండి. రెండు రోజులకి మొలకలే ఆ పేపర్ని పైకెత్తుతాయి, అప్పుడు తీసెయ్యాలి. ఎండ నేరుగా పడని వెలుతురున్న కిటికీ దగ్గర పెట్టి, పూటకోసారి నీళ్లు చిలకరించాలి. వేసవిలో నీళ్లు నిలిచినా, గాలి ఆడకపోయినా మొదళ్ల దగ్గర తెల్లటి బూజు పడుతుంది. ముక్కిపోయిన వాసన వస్తే ఆ ట్రే మొత్తం పారబోయండి, సగం కోసుకుందామని ఆశపడొద్దు.

ఏడు నుంచి తొమ్మిది రోజుల మధ్య, ఆరేడు అంగుళాల ఎత్తులో, మొదటి ఆకులోంచి రెండో ఆకు చీలుతున్నప్పుడు కోతకొచ్చినట్టు. ఆ అదను దాటితే పీచెక్కి చేదెక్కుతుంది. మట్టికి అర అంగుళం పైన కత్తెరతో కోసి, బాగా కడిగి, ముక్కలు చేసి, మిక్సీలో కాసిని నీళ్లతో తిప్పి, పల్చటి బట్టలో వేసి పిండాలి. మన కడుపు ఆ గడ్డి పీచుని అరిగించుకోలేదు, అందుకే ఈ వడపోత. అప్పటికప్పుడు తాగెయ్యాలి. మొదట్లో రెండు చెంచాలతో మొదలుపెట్టండి. పచ్చి పసరు వాసన కొందరికి వికారం తెప్పిస్తుంది.

కొందరు జాగ్రత్తపడాలి. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా తాగొద్దు, ఆకు పసరులోని విటమిన్ కె ఆ మందుకి అడ్డుపడుతుంది. ఈ మాట ఆకుకూరలు ఒక్కసారిగా పెంచడానికీ వర్తిస్తుంది. గోధుమ గ్లూటెన్ పడని సీలియాక్ రోగులు దూరంగా ఉండాలి. గ్లూటెన్ గింజలో ఉంటుంది గానీ, కోతలో గింజ ముక్క కలవదని హామీ లేదు. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పచ్చి రసం జోలికి వెళ్లకపోవడం మంచిది, తడి మట్టిలో పెరిగినదాన్ని ఉడికించకుండా తాగుతున్నాం కదా. కిడ్నీ జబ్బులున్నవాళ్లు, రాళ్లు పడినవాళ్లు ఏ ఆకు ఎంత తినొచ్చో వైద్యుడినే అడగాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్, థలసీమియా పిల్లలకి రక్తం ఎక్కించడం లాంటివి ఏ రసం తాగినా ఆపకూడదు.

మీరు రోజూ గోధుమ గడ్డి రసం తాగుతుంటే, అది మీ ఒంటికి పడుతుంటే మానకండి. కానీ ఈ ఆదివారం రైతుబజారుకి వెళ్లినప్పుడు తోటకూరో, పొన్నగంటో, గోంగూరో మామూలుగా తెచ్చేదానికన్నా రెండు కట్టలు ఎక్కువ తెచ్చుకోండి. అమ్ముతున్న రైతుని మందు ఎప్పుడు కొట్టారో, అసలు కొట్టారో లేదో అడగండి. అన్నం గరిటెడు తగ్గించి ఆ జాగాలో కూర వడ్డించుకోండి. ఇంట్లో ఆఖర్న భోంచేసే మనిషికి కూర మిగిలిందో లేదో కూడా ఒకసారి చూడండి.